టైరు మీద 80, డోర్ మీద 35, నాన్నతో మాటల్లేవు

ఈ వారం ఉత్తరం వచ్చింది టెక్సస్ నుంచి, డాలస్‌కి పైనున్న ఒక సబర్బ్. పేరు, ఊరు వద్దన్నాడు, సరే. చాలా పెద్ద ఉత్తరం, నాలుగు ఫోటోలు కూడా జత చేశాడు, అంతా ఇక్కడ పెట్టలేను గానీ కథ ఇదీ.

వయసు 36, ఐటీ ఉద్యోగం, భార్య, ఏడు నెలల పాప. మూడేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో 2018 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొన్నాడు. "మనకెందుకండీ ఈ లారీ" అని అప్పట్లో భార్య నవ్విందంట. ఆఫీసుకి అదే, కాస్ట్‌కోకి అదే, గుడిలో ఏ ఫంక్షన్ అయినా కుర్చీలు మోయడానికీ అదే. జులైలో పాత టైర్లు గుండు అయిపోతే షాపుకెళ్ళాడు. కౌంటర్‌లో కుర్రాడు ట్రైలర్ లాగుతావా అని అడిగాడు, ఇతను లాగుదామనుకుంటున్నా అన్నాడు, అంతే, అదే సైజులో "10 ప్లై" టైర్లు నాలుగు ఎక్కించి పంపించాడు. గాలి మాత్రం 35 పాయింట్లే కొట్టాడు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద 35 అనే ఉంది కాబట్టి.

పొద్దున్నే డాష్‌బోర్డులో చూస్తే 33, ఆఫీసు నుంచి ఎండలో గంట హైవే మీద వచ్చేసరికి 39, 40. ఇతనికి డౌటొచ్చింది. హ్యూస్టన్‌లో ఉన్న ఫ్రెండ్‌ని అడిగితే "టైరు మీదే 80 అని అచ్చేసుంటే ఇంకా డౌటేంట్రా" అన్నాడు. పక్కింటి అమెరికన్ ఆయన తన ట్రక్కులో 55 పెడతానన్నాడు. డీలర్ దగ్గర ఫోన్‌లో అడిగితే స్టిక్కర్ ఎంత చెప్తే అంతే అన్నారు. నాలుగు చోట్ల అడిగితే మూడు నంబర్లు.

ఇంతలో ఇండియా నుంచి వచ్చున్న నాన్నగారు రంగంలోకి దిగారు. ఆయన బేతంచెర్ల నుంచి నాపరాళ్ళు తోలిన మనిషి, ముప్పై ఏళ్ళు సొంత లారీ. వచ్చిన రోజే బండి చుట్టూ ఒక రౌండేసి, కిందకి వంగి, "స్టెప్నీ యాడుందిరా" అని అడిగారంట. ఒక శుక్రవారం రాత్రి గరాజ్‌లో ఉన్న చిన్న కంప్రెసర్‌తో నాలుగు టైర్లకీ 80 కొట్టేశారు, ఎవరికీ చెప్పలేదు. శనివారం ఇతని భార్య పాపని వేసుకుని డాక్టర్ దగ్గరికి బయల్దేరింది. టోల్‌వే మీద కాంక్రీట్ అతుకుల దగ్గర బండి ఎగిరెగిరి పడిందంట, ఎగ్జిట్‌లో చిన్న వానకి వెనక చక్రాలు పక్కకి జారాయంట. ఇంటికొచ్చి "మామయ్యగారు బండి ముట్టుకుంటే నేను ఎక్కను" అనేసింది. ఆ సాయంత్రం బ్యాక్‌యార్డ్‌లో నలుగురు ఫ్రెండ్స్ ముందు ఇతను నాన్న మీద అరిచాడు. "ఇది మీ లారీ కాదు నాన్నా, మీకు తెలీదు, వదిలేయండి" అన్నాడు. పది రోజులైంది, ఆయన గదిలోంచి భోజనానికి తప్ప బయటికి రావట్లేదు. లేబర్ డేకి ఓక్లహామాలో బ్రోకెన్ బోకి అద్దె ట్రావెల్ ట్రైలర్ లాక్కుంటూ అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలని ప్లాన్, అక్టోబర్‌లో వాళ్ళు తిరిగి వెళ్ళిపోతారు. "గాలి ఎంత పెట్టాలో చెప్పండి, నాన్నతో ఎలా మాట్లాడాలో కూడా చెప్పండి, రెండూ ఒకటే ప్రశ్న అయిపోయింది" అని ముగించాడు.

తమ్ముడూ, మీరు అని మొదలుపెట్టి రాయబోతే చెయ్యి ఆడలేదు, నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

ముందు టైరు సంగతి, అది తేలితే నాన్న సంగతి కొంత సులువవుతుంది. నీకు చెప్పినవాళ్ళలో ఎవ్వరూ అబద్ధం చెప్పలేదు. 35 అన్నవాడు నీ పాత టైర్ల గురించి చెప్పాడు. 80 అన్నవాడు నీ కొత్త టైరు మోయగలిగినంత బరువు మొత్తం దాని నెత్తిన పెడితే ఎంత కావాలో చెప్పాడు. 55 అన్న పక్కింటాయన తన ట్రక్కులో తను వేసుకునే బరువుకి చెప్పాడు. నువ్వు అందరినీ "ఎంత పెట్టాలి" అని అడిగావు గానీ "ఎంత బరువుకి ఎంత పెట్టాలి" అని అడగలేదు. టైరులో బరువు మోసేది రబ్బరు కాదు గాలి, రబ్బరు ఆ గాలిని పట్టుకునే సంచి మాత్రమే, కాబట్టి బరువు తెలీకుండా గాలి నంబర్ చెప్పడం అంటే మనిషిని చూడకుండా చొక్కా కుట్టినట్టే.

ఇప్పుడు నువ్వు పంపిన ఫోటోలు చూద్దాం. పాత టైరు మీద పీ 275/65 ఆర్ 18, 114 టీ అని ఉంది. కొత్తదాని మీద ఎల్‌టీ 275/65 ఆర్ 18, 123/120 ఎస్, లోడ్ రేంజ్ ఇ, అంటే ఆ షాపువాడు చెప్పిన 10 ప్లై. సైజు ఒకటే, జాతి వేరు. పీ అంటే ప్యాసింజర్ రకం, ఎల్‌టీ అంటే లైట్ ట్రక్. 114 అంటే ఒక్కో టైరుకి 2,600 పౌండ్లు, అది 35 పాయింట్ల దగ్గరే దక్కుతుంది, కానీ ప్యాసింజర్ టైరుని పికప్‌కి వేసినప్పుడు ఆ నంబర్‌ని 1.1 తో భాగించి లెక్కేస్తారు, పికప్ పడే కష్టం కారు పడదు కాబట్టి. అంటే 2,360 చిల్లర. నీ బండికి ఫోర్డ్ వాళ్ళు ఇచ్చిన సామర్థ్యం అది, డోర్ స్టిక్కర్ మీద 35 అని రాసింది ఆ టైరుని మనసులో పెట్టుకునే.

కొత్త టైరులో గోడలు మందం, లోపల బెల్టులు గట్టి, గాలి ఎక్కువ అడుగుతుంది. అదే 35 దీంట్లో పెడితే మోసేది సుమారు 2,000 పౌండ్లే. 46 దగ్గర 2,400 అటూ ఇటూ, 50 దగ్గర 2,535, 80 దగ్గర 3,415. చూశావా, "బలమైన టైరు" వేయించుకుని పాత గాలే పెడితే పాత టైరు కన్నా తక్కువ మోస్తుంది. షాపులో ఆ కుర్రాడు ఇదొక్కటి చెప్పుంటే మీ ఇంట్లో ఇంత గొడవ లేదు. వాళ్ళని మరీ తిట్టను, స్టిక్కర్‌ని మించి పెడితే రేపు ఎవరైనా కేసు వేస్తారని వాళ్ళ భయం, కానీ టైరు రకం మారినప్పుడు స్టిక్కర్ నంబర్ అలాగే దించేసుకోకూడదు, అది టైర్లమ్మే వాళ్ళకి తెలిసుండాల్సిన విషయం. ప్రతి టైరు కంపెనీకీ బరువుకి ఎంత గాలి అని ఒక టేబుల్ ఉంటుంది, లోడ్ ఇన్‌ఫ్లేషన్ టేబుల్ అని అడుగు, నీ టైరు కంపెనీది తీసి నేను చెప్పిన నంబర్లతో ఒకసారి సరిచూసుకో, ఒకటి రెండు పాయింట్లు తేడా ఉంటే వాళ్ళదే ఫైనల్.

ఆ 10 ప్లై మాట కూడా పట్టించుకోకు. పాత కాలం నూలు దారాల టైర్లలో నిజంగా పొర మీద పొర వేసేవాళ్ళు, ఇప్పటి రేడియల్‌లో అది ఒట్టి గ్రేడ్ పేరు, కోసి చూస్తే పది పొరలేం ఉండవు. గోడ గట్టిగా ఉండటం వల్ల ఇంకో ఇబ్బంది ఏంటంటే, చూపుకి తెలీదు. ప్యాసింజర్ టైరులో గాలి తగ్గితే కింద ఉబ్బి కనపడుతుంది, ఇది 28 ఉన్నా నిటారుగా నిలబడుంటుంది, కాలితో తన్ని చూసినా తెలీదు, రాడ్డుతో కొట్టి చూసినా 35కీ 46కీ శబ్దంలో తేడా పట్టడం ఆ విద్య తెలిసినవాళ్ళకి కూడా కష్టమే.

మరి 35 తో తిరిగిన ఆ రోజుల్లో ప్రమాదంలో ఉన్నామా అని అడిగావు. ఖాళీ బండి, నలుగురు మనుషులు, లేదు, అంత భయం లేదు. నీ బండి ఖాళీగా 5,000 పౌండ్లు చిల్లర ఉంటుంది, సగం కన్నా కాస్త ఎక్కువే ముందు పడుతుంది, అంటే ముందు ఒక్కో టైరు మీద 1,500 దగ్గర, వెనక ఇంకా తక్కువ. 2,000 మోసే టైరుకి అది పెద్ద బరువు కాదు. కానీ 33 ఉన్నది 40కి ఎక్కిందన్నావు చూడు, మూడు నాలుగు పాయింట్లు ఎక్కడం మామూలే, ఏడు అంటే నాకు ఎక్కువే అనిపిస్తోంది, కొంత ఎండ వేడి ఉంటుంది, కొంత టైరు గోడ నలిగి నలిగి పుట్టించుకున్న వేడి. టైరుని చంపేది ఆ వేడే. ట్రైలర్ తగిలించి ఆగస్టు ఎండలో 75 మైళ్ళ స్పీడు మీద గంటల తరబడి పోతే ఆ వేడికి బెల్టు విడిపోతుంది, ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే పైపొర, తొక్కలా ఊడొస్తుంది, హైవే పక్కన పడున్న నల్ల ముక్కలు నువ్వూ చూసే ఉంటావు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది, ఎక్కువ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌లకి ఉన్నవే. ట్రెడ్ ఊడి బండ్లు పల్టీ కొట్టి రెండు వందల మందికి పైగా పోయారు, టెక్సస్ లాంటి వేడి రాష్ట్రాల్లోనే ఎక్కువ. ఫోర్డ్ 26 పెట్టమంది, ఫైర్‌స్టోన్ 30 కావాల్సింది అంది, టైరు తయారీలోనే లోపం ఉందని ఇంకో వాదం, ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసుకున్నారు. ఆ గొడవలోంచి పుట్టిన చట్టం వల్లే ఇవాళ నీ డాష్‌బోర్డులో టైరు లైటు ఉంది.

ఆ లైటు గురించి ఒక మాట, ఇది చాలామందికి తెలీదు. అది స్టిక్కర్ నంబర్ కన్నా పాతిక శాతం తగ్గితే వెలగాలని రూలు. నీ స్టిక్కర్ 35, కాబట్టి 26 దగ్గర వెలుగుతుంది. రేపు నువ్వు 46 పెట్టుకున్నావనుకో, మేకు దిగి 30కి వచ్చినా లైటు వెలగదు, దాని దృష్టిలో అంతా బాగానే ఉంటుంది. కొన్ని బండ్లలో స్కాన్ టూల్‌తో ఆ నంబర్ మార్చొచ్చు, డీలర్‌ని అడిగి చూడు, కుదరకపోతే పది పదిహేను డాలర్లు పెట్టి మంచి గేజ్ కొనుక్కుని రెండు వారాలకోసారి నీ చేత్తో నువ్వే చూసుకో. పొద్దున్నే, బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, ఎండ పడకముందు. కోల్డ్ అని స్టిక్కర్ మీద రాసింది దానికే. షాపులో మధ్యాహ్నం 102 డిగ్రీల ఎండలో కొట్టిన 35 పొద్దునకి 33 అవడంలో వింతేం లేదు, పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఒక పాయింట్ పోతుంది. నవంబర్‌లో నార్త్ గాలి దిగితే ఇంకో ఐదారు పోతాయి, అప్పుడు మళ్ళీ నింపుకోవాలి. హైవే మీద పెరిగిందని మాత్రం ఎప్పుడూ గాలి తీయొద్దు, చల్లారాక తక్కువైపోతుంది.

ఇప్పుడు నీ ముందున్న దారులు చెప్తా, ఏది తీసుకుంటావో నీ ఇష్టం.

నా చేతిలో ఉంటే ఈ టైర్లే ఉంచుకుని రోజువారీ తిరుగుడుకి నాలుగూ 46 పెడతాను, 45 నుంచి 48 మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు. పాత టైరు ఎంత మోసేదో అంతే మోస్తుంది, ఫోర్డ్ వాడి లెక్కకి తగ్గదు. 35 కన్నా కొంచెం గట్టిగా ఉంటుంది, 80 కన్నా చాలా మెత్తగా ఉంటుంది. రెండు వారాలు నడిపాక ఖాళీ రోడ్డు మీద టైరుకి అడ్డంగా సుద్దగీత గీసి వంద గజాలు తిన్నగా పోనిచ్చి చూడు, మధ్యలోనే చెరిగిపోతే గాలి ఎక్కువ, రెండు అంచుల్లోనే చెరిగితే తక్కువ. కానీ సుద్దగీత చెప్పింది కదా అని 45 కిందకి దిగొద్దు, ఆ గీతకి అరుగుడే తెలుసు, బరువు తెలీదు.

ట్రైలర్ రోజు వెనక రెండింటికీ 55 నుంచి 60. ముందు 46 అలాగే. ఎందుకో చూడు, అద్దె ట్రైలర్ 5,000 పౌండ్లు అన్నావు, అందులో పది పదిహేను శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం మీద పడుతుంది, 650 అనుకో. అది వెనక ఇరుసుకి బయట తగులుతుంది కాబట్టి తక్కెడలా ముందు నుంచి కొంత బరువు లేపి వెనక్కి నెడుతుంది, వెనక ఇరుసు మీద పెరిగేది 650 కన్నా ఎక్కువే. బెడ్‌లో, అంటే వెనక తొట్టిలో సామాన్లు, వెనక సీట్లో అమ్మానాన్న, అన్నీ కలిస్తే ఒక్కో వెనక టైరు మీద 1,800 దాకా వస్తుంది. 35 ఉంటే అంచు మీద నడిచినట్టు, 55 ఉంటే 2,700 దగ్గర మోస్తుంది, హాయి. తిరిగొచ్చాక మళ్ళీ 46కి దించు. ఈ దించే బద్ధకం నాకూ ఉంది, గాల్వెస్టన్ ట్రిప్ అయ్యాక దించకుండా ఐదు నెలలు తిరిగా, వెనక టైర్లు నడిమధ్య అరిగి గీతలు మాయమయ్యాయి, ఏ షాపునీ తిట్టే పని లేదు, తప్పు నాదే.

65 మాత్రం దాటకు. నీ ఫోటోలో వాల్వులు మామూలు నల్ల రబ్బరువి కనిపిస్తున్నాయి, ఆ రకం 65 వరకే. నాన్నగారు 80 పెట్టిన రాత్రి టైరుకి ఏం కాలేదు గానీ వాల్వు మీద, రిమ్ము మీద కూడా ఒక లిమిట్ ఉంటుందని అప్పుడెవరికీ గుర్తురాలేదు. 80 నిజంగా అవసరమయ్యేంత బరువు నీ బండి ఎలాగూ మోయదు. వెనక ఇరుసు 3,800 అని నీ స్టిక్కర్ మీదే ఉంది, అంటే టైరుకి 1,900. టైరు 3,415 మోస్తుందని బండి మోయదు తమ్ముడూ, స్ప్రింగులు, ఇరుసు, బ్రేకులు పాతవే కదా. పసుపు స్టిక్కర్ మీద 1,650 పౌండ్లు అని ఉంది, మనుషులూ సామానూ హిచ్ బరువూ అన్నీ అందులోనే. మీ ఐదుగురూ కార్ సీటుతో కలిపి 650 అనుకో, హిచ్ 650, మిగిలింది 350. కూలర్, స్ట్రోలర్, అమ్మ వండి కట్టే పెట్టెలు అన్నీ ఆ 350లోనే సర్దుకోవాలి, అమ్మకి ఈ లెక్క ముందే చెప్పెయ్.

ఇంకో దారి, ఈ టైర్లు తిరిగిచ్చెయ్యడం. 800 మైళ్ళే తిరిగాయన్నావు, కొన్ని షాపులు నచ్చకపోతే నెలలోపు మార్చిస్తాయి, రసీదు వెనక చూడు. అదే సైజులో ఎల్‌టీ కాని 116 టీ రకం దొరుకుతుంది, దానికి డోర్ స్టిక్కర్ 35 యథాతథంగా సరిపోతుంది, లైటూ సరిగ్గా పనిచేస్తుంది, ఒక్కోటి పది పౌండ్లు తేలిక కాబట్టి పడిపోయిందన్న మైలేజీ కూడా కొంత తిరిగొస్తుంది, పాప హాయిగా నిద్రపోతుంది. పోయేదేంటంటే కంకర రోడ్ల మీద గోడ చిరిగే భయం కాస్త ఎక్కువ, ట్రైలర్ లాగేటప్పుడు కొంచెం ఊగినట్టుంటుంది. ఏడాదికి రెండుసార్లు ట్రైలర్, మిగతా మూడొందల అరవై రోజులు ఆఫీసు అయితే నిజం చెప్పాలంటే నీకు ఈ దారే మేలు, ఆ 10 ప్లై నీకు అక్కర్లేదు. నెలకోసారి లాగుతానంటే ఉంచుకో. మీ ఆవిడ్ని 46 తో ఒక వారం నడపమని అప్పుడు తేల్చుకో, పాపని వేసుకుని తిరిగేది తనే కదా.

35 తోనే వదిలేయడం కూడా ఒక దారే, చాలామంది అలాగే తిరుగుతున్నారు కూడా. కానీ అంచులు ముందే అరుగుతాయి, ఏదో ఒకరోజు ఎవరో ట్రైలర్ ఇస్తామంటే గాలి సంగతి మర్చిపోయి తగిలించేస్తావు. నాకు ఇష్టం లేదు. నైట్రోజన్ కొట్టించమంటారా అని చివర్లో అడిగావు, ఫ్రీగా కొడితే కొట్టించుకో, డబ్బులిచ్చి వద్దు, మనం పీల్చే గాలిలోనే 78 శాతం అదే.

మీ ఆవిడ చెప్పింది కరెక్టేనా అంటే, అక్షరాలా కరెక్టు. 80 ఉన్న టైరు ఖాళీ బండి కింద మధ్యలో మాత్రమే రోడ్డుకి ఆనుతుంది, పికప్‌లకి వెనక అసలే బరువు తక్కువ, వానపడ్డ తొలి నిమిషాల్లో రోడ్డు మీద నూనె తేలుతుంది, జారక ఏం చేస్తుంది. ఆమె మామగారి మీద కోపంతో ఆ మాట అనలేదు, వెనక సీట్లో బిడ్డ ఉండగా బండి చేతిలోంచి జారిన భయంతో అంది. ఈ ముక్క నాన్నకి నువ్వే చెప్పు, ఆమె చేత చెప్పించకు.

ఇక నాన్న. నువ్వు "మీకు తెలీదు" అన్నావు చూడు, అక్కడ లెక్క తప్పావు. ఆయన లారీ ఎప్పుడైనా ఖాళీగా పోయిందేమో అడుగు. నాపరాళ్ళు దించాక కూడా రిటన్ లోడు కోసం రెండ్రోజులు పడిగాపులు పడుంటారు గానీ ఖాళీగా వచ్చుండరు, వస్తే ఆ ట్రిప్పు నష్టమే. ఎప్పుడూ నిండు బరువే, మాటకొస్తే దానికి మించే. అలాంటి బండికి టైరు మీద అచ్చేసిన నంబరే సరైన నంబరు. ముప్పై ఏళ్ళు ఆ నంబరు ఆయన ప్రాణం కాపాడింది, కొడుకు టైరులో 35 చూసేసరికి ఆయనకి ఏమనిపించి ఉంటుందో ఊహించుకో, నిద్రపట్టక లేచి కంప్రెసర్ ఆన్ చేసుంటారు. చెప్పకుండా చేయడం తప్పే, అది కూడా నేను దాచను. కానీ ఆయన తెలివి తక్కువై చేయలేదు, ఆయన బండి ఎప్పుడూ నిండుగా ఉండేది, నీది ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది, అంతే తేడా.

నేరుగా వెళ్ళి సారీ నాన్నా అని చెప్పొచ్చు, మన ఇళ్ళలో ఆ మాట బయటికి రావడం కష్టం, వచ్చినా ఆయన "దానికేముందిలేరా" అని టీవీ వైపు తిరుగుతారు, ఇద్దరికీ తృప్తి ఉండదు. అయినా చెప్పడం నయం. ఏమీ చెప్పకుండా అలా వదిలేస్తే ట్రిప్పుకి వస్తారు, వెనక సీట్లో మౌనంగా కూర్చుంటారు, అక్టోబర్‌లో ఎయిర్‌పోర్టులో చెయ్యి ఊపుతారు, తర్వాత ఫోన్‌లో ఆరోగ్యం ఎలా ఉంది అనే ప్రశ్న తప్ప ఇంకేం మిగలదు, అలా ఏళ్ళు గడిపిన ఇళ్ళు నాకు తెలుసు. మూడో దారి ఏంటంటే, ట్రైలర్ తెచ్చిన రోజు "నాన్నా, కాటా వేయిద్దాం రా" అని పిలవడం.

హైవే మీద పెద్ద ట్రక్ స్టాపులు చాలావాటిలో క్యాట్ స్కేల్ అని కాటా ఉంటుంది. మన ఊళ్ళో వేబ్రిడ్జి లాంటిదే, కాకపోతే మూడు పలకలుగా ఉంటుంది, ముందు ఇరుసు ఒక పలక మీద, వెనక ఇరుసు ఇంకోదాని మీద, ట్రైలర్ మూడోదాని మీద నిలబెడితే మూడు బరువులూ విడివిడిగా చిట్టీ మీద వస్తాయి. అందరూ బండిలో ఎక్కి, నీళ్ళ డబ్బాలతో సహా సర్ది, అప్పుడు తూయించు. వెనక ఇరుసు బరువుని రెండుతో భాగించు, టేబుల్‌లో చూడు, ఆ బరువుకి కావాల్సిన గాలి మీద నాలుగైదు పాయింట్లు ఎక్కువే పెట్టు, 55 నుంచి 60 అని నేను పైన చెప్పిన నంబర్ ఎంత నిజమో అక్కడ తేలుతుంది. టేబుల్ ఎంత తక్కువ చూపించినా ట్రైలర్ వెనకాల ఉండగా 55 కిందకి మాత్రం దిగకు, ఆ గట్టిదనం ఊగకుండా ఉండటానికి కూడా. జీవితంలో కొన్ని వేల కాటా చిట్టీలు చూసిన మనిషి ఆయన, ఆ చిట్టీ చేతిలో పెట్టి "మరి ఇంత బరువుకి ఎంత గాలి నాన్నా" అని అడిగి చూడు. నలుగురి ముందు అరిచావు కాబట్టి ఈ అడగడం కూడా ఆ నలుగురిలో ఒకరిద్దరు ఉన్నప్పుడు అడిగితే మంచిది, ట్రిప్పుకి వేరే ఫ్యామిలీ కూడా వస్తుందన్నావుగా.

ఇంకోటి, ట్రైలర్ టైర్లు ఆయనకి అప్పగించెయ్. ట్రైలర్‌కి ఎస్‌టీ అని వేరే రకం టైర్లుంటాయి, అవి మామూలుగా టైరు మీద రాసినంత నిండుగా పెట్టాల్సిందే, ట్రైలర్ స్టిక్కర్ మీద కూడా ఎక్కువసార్లు అదే నంబరు ఉంటుంది. అక్కడ ఆయన సూత్రమే కరెక్టు, నువ్వూ నేనూ కాదు. వాటిలో చాలావాటికి 65 మైళ్ళే స్పీడు లిమిట్, టెక్సస్ బోర్డు మీద 75 అని ఉంది కదా అని తోలొద్దు, ఆ విషయంలో కూడా పక్క సీట్లో ఆయన ఉంటే నీకు మంచిదే. యాభై మైళ్ళు పోయాక ఆగి చక్రం నట్లు రెంచ్‌తో చూడమను, కొత్త టైర్లు ఎక్కించాక నువ్వు చూసుండవని నా అనుమానం. మీ ఆవిడ పెట్టిన షరతు కూడా ఆలోచించు, మామయ్యగారు బండి ముట్టుకోకూడదు అనే బదులు ఎవరు గాలి మార్చినా గేజ్ నంబరు ఫ్రిజ్ మీద రాయాలి అని మార్చుకుంటే ముగ్గురికీ గౌరవంగా ఉంటుంది. నీకూ వర్తిస్తుంది అది.

చివరగా, వచ్చిన రోజు నాన్నగారు అడిగిన ప్రశ్నకి నీ ఉత్తరంలో జవాబు లేదు. స్టెప్నీ బెడ్ కింద ఉక్కు తాడుకి వేలాడుతుంటుంది, బండితో పాటు వచ్చిన పాత రకం టైరే అయుంటుంది, దాని గాలి డోర్ స్టిక్కర్ మీద విడిగా రాసుంటుంది, ఏళ్ళుగా ఎవరూ చూసుండరు, డాష్‌బోర్డులో కూడా కనపడదు. బ్రోకెన్ బో దారిలో ఫోన్ సిగ్నల్ లేని చోట్లు చాలానే ఉన్నాయి. జాకీ రాడ్లు సీటు వెనకాల ఉంటాయి, అవి బంపర్ దగ్గరున్న రంధ్రంలోంచి పెట్టి తిప్పితే కిందకి దిగుతుంది, మొదటిసారి కాస్త మొరాయిస్తుంది, ఇద్దరుండాలి. ఈ ఆదివారం పొద్దున్నే ఎండెక్కకముందు నాన్నని పిలిచి దించు.